తుపాకి లేని ఆట

హైదరాబాదు నగరమునకు తూర్పు దిక్కున సరూర్‌నగర్ కలదు. ఆ పేరుగల చెరువును, దాని చుట్టును పెరిగిన కాలనీలును, దిల్‌సుఖ్‌నగర్ అంగళ్లును, ఎల్.బి.నగర్ కూడలియు ఒకదానినొకటి ఒరసికొని యున్నవి. విజయవాడకు పోవు రహదారి ఈ ప్రాంతము గుండనే సాగును. ఆ దారిని హైదరాబాదునుండి సుమారు 135 కిలోమీటర్లు పోయినచో సూర్యాపేట వచ్చును. సరూర్‌నగర్ బాలురు ఎంతయో ఆశపడి ఆడి, అంతకు మించి నిరాశపడిన ఒక ఆటకును, ఆ సూర్యాపేటకును సంబంధము కలదు. ఆ సంబంధమును ఎరుగనిచో ఆ ఆటయందలి మంచిచెడ్డలను సరిగా తూచుట సాధ్యము కాదు.

సాయంకాలమైనచో ఈ కాలనీల సందులలో బాలురు క్రికెట్టు ఆడుదురు. ఇటుకలు నాలుగు పేర్చినచో వికెట్లగును, ప్రహరీగోడయే సరిహద్దగును. 2020 మార్చి మాసమున కరోనా వ్యాధి మూలమున ఆ సందులు నిర్మానుష్యములయ్యెను. పాఠశాలలు మూతపడెను. ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీన తెలంగాణమునందు దూరదర్శన్ ద్వారమునను, ఫోనుల ద్వారమునను పాఠములు చెప్పుట ప్రారంభమయ్యెను. పాఠము కొరకు తండ్రి ఇచ్చిన ఫోను, పాఠము ముగిసిన పిదప కూడ కుమారుని చేతిలోనే నిలిచెను. అనేక ఇండ్లలో ఆ ఫోనునందు అప్పటికే ఒక తుపాకి ఆట కాపురముండెను. దాని పేరు పబ్జీ.

తుపాకి ఆటలలో పలు విధములు కలవు. ఒక విధమైన ఆటలో యోధుని రూపము తెరపై కనబడదు. అతని చేతులును, చేతిలోని తుపాకియు మాత్రమే కనబడును. ఆడువాని కన్నే యోధుని కన్ను. ఆడువాడు ఎటు త్రిప్పిన అటు ఆ లోకము తిరుగును. 1992లో అమెరికాలోని ఐడి సాఫ్ట్‌వేర్ అను సంస్థవారు ‘వుల్ఫెన్‌స్టైన్ త్రీడీ’ అను ఆటను, మరుసటి యేడు ‘డూమ్’ అను ఆటను వెలువరించిరి. ఈ పద్ధతి లోకమంతట వ్యాపించుటకు ఆ రెండును ముఖ్యకారణములు. పిమ్మట యోధుని వెనుకనుండి చూచునట్టి ఆటలును, రెండు విధముల చూచుటకు వీలైన ఆటలును వచ్చెను. 2017లో దక్షిణ కొరియావారు కంప్యూటరు కొరకు చేసిన పబ్జీ అట్టిది. 2018లో చైనాకు చెందిన టెన్సెంట్ సంస్థ దానిని ఫోనులలోనికి తెచ్చెను. నూరుగురు ఒక దీవిపై దిగుదురు. దొరికిన ఆయుధముతో ఒకరినొకరు కాల్చుకొందురు. కడపట మిగిలినవారిదే గెలుపు. వేర్వేరు ఇండ్లలో కూర్చున్న నలుగురు స్నేహితులు ఒక జట్టుగా కూడి, మాటలాడుకొనుచు దానిని ఆడవచ్చును. ఇల్లు కదలరాని ఆ దినములలో బాలురకు అది సందులోని ఆటకు బదులయ్యెను.

2020 సెప్టెంబరు 2వ తేదీన భారత ప్రభుత్వము 118 యాప్‌లను నిషేధించెను. దేశభద్రతకును, ప్రజల సమాచారమునకును వానివలన హాని కలుగునని ప్రభుత్వము కారణము తెలిపెను. పబ్జీయు వానిలో నుండెను. అంతకు రెండున్నర మాసములకు ముందు లడఖ్‌నందలి గాల్వన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణ జరిగి ఇరువదిమంది భారత సైనికులు ప్రాణములర్పించిరి. ఆ దుఃఖము దేశమున ఇంకను చల్లారలేదు. నిషేధమునకు రెండు దినముల పిమ్మట, సెప్టెంబరు 4వ తేదీన, హిందీ చలనచిత్ర నటుడు అక్షయ్ కుమార్ ఒక ప్రకటన చేసెను. బెంగుళూరునందలి ఎన్‌కోర్ గేమ్స్ అను సంస్థ ‘ఫౌజీ’ అను స్వదేశీ ఆటను తెచ్చుచున్నదనియు, దానివలన వచ్చు నికరాదాయమున నూటికి ఇరువది పాళ్లు అమరసైనికుల కుటుంబములకు సాయపడు ‘భారత్ కే వీర్’ నిధికి చేరుననియు ఆ ప్రకటన సారాంశము. ఫౌజీ అనగా సైనికుడు. భయమెరుగక ఏకమై నిలిచిన కావలివారు అను అర్థమిచ్చు ఆంగ్లపదముల అక్షరములను కూర్చి ఆ పేరు పెట్టిరి.

మాట వెలువడెను, ఆట వెలువడలేదు. దసరా పండుగనాడు కొలదిక్షణముల చిత్రము చూపి, నవంబరులో ఆట వచ్చునని చెప్పిరి. నవంబరు గడచెను. ఆ మాసాంతమున పేర్లు నమోదు చేసికొనుటకు మాత్రము వీలు కలిగెను. డిసెంబరు గడచెను. కడకు 2021 జనవరి 26వ తేదీన, గణతంత్ర దినోత్సవమునాడు, ఆట విడుదలయగునని తెలిపిరి. నలువది లక్షలకు పైగా జనులు ముందుగా పేర్లు నమోదు చేసికొనిరని పత్రికలు వ్రాసెను. పబ్జీ పోయినదని చిన్నబుచ్చుకొనిన బాలురు, దానిని మించినది మన దేశమునుండియే వచ్చుచున్నదని ఎదురుచూచిరి.

ఆ దినము రానే వచ్చెను. బాలురు ఆటను తెరచి చూచిరి. ఒక సిక్కు సైనికుడు కొండలలో తన దళమువారిని వెదకుచు నడచును. శత్రువులు ఇద్దరు ముగ్గురుగా ఎదురగుదురు. వారిని పిడికిళ్లతోను, చేజిక్కిన ఆయుధములతోను కొట్టి పడవేయవలెను. మరికొంతదూరము నడచినచో మరల ఇద్దరు ముగ్గురు. మరల అదే కొట్లాట. స్నేహితులతో కూడి ఆడుటకు వీలులేదు. అన్నిటికంటె మించి, తుపాకి లేదు. బాలురు నిర్ఘాంతపోయిరి. ప్లే స్టోర్ అను చోట ఆడినవారు ఐదు చుక్కలకు ఇన్ని చుక్కలని ఆటకు విలువ కట్టుదురు. మొదట నాలుగింటికి పైనున్న ఆ లెక్క కొలదిదినములలోనే మూడింటి దరికి దిగిపోయెను.

సరూర్‌నగర్‌లో ఒక ఇంట ఆనాడు ఇట్టి సంభాషణ జరిగినదనుకొందము. మనుమడు ఫోనును మంచముపై పడవైచి, “తాతా! ఇదేమి ఆట? సైనికునకు తుపాకియే లేదు. తుపాకి లేక సైనికుడెట్లు పోరాడును?” అని అడుగును. వార్తాపత్రిక చదువుచున్న తాత కండ్లజోడు తీసి, “ఆ ఆటలో నిజమైనది అది ఒక్కటియే, నాయనా!” అని బదులు చెప్పును. మనుమనికి ఆ మాట అర్థము కాదు. ఆ ఆటకు చుక్కలు తగ్గించిన పెద్దలలో పలువురకు కూడ అది అర్థమైనట్లు లేదు. కావున దానిని విప్పి చెప్పవలసి యున్నది.

భారతదేశమునకును చైనాకును నడుమనున్న వాస్తవాధీన రేఖ వెంబడి శాంతిని కాపాడుటకై ఉభయ దేశములు 1996లో ఒక ఒడంబడిక చేసికొనెను. ఆ రేఖకు రెండు కిలోమీటర్ల లోపల ఏ పక్షమువారును కాల్పులు జరుపరాదని అందు వ్రాసికొనిరి. 2005లో చేసికొనిన మరియొక ఒడంబడికయు ఎదురుపడినప్పుడు సంయమము చూపవలెనని చెప్పెను. ఆ నియమమును అనుసరించి అక్కడి సైనికులు ఎదురెదురుగా నిలిచినప్పుడు తుపాకి పేల్చెడివారు కారు. 2020 జూన్ 15వ తేదీ రాత్రి గాల్వన్ లోయలో జరిగిన ఘర్షణయందును తుపాకి పేలలేదు. రాళ్లతోను, ఇనుపకడ్డీలతోను, మేకులు దిగగొట్టిన దుడ్డుకర్రలతోను ఆ పోరు సాగెను. మన సైనికులయొద్ద ఆయుధములు లేకపోలేదనియు, ఒడంబడికలను అనుసరించి వానిని ప్రయోగింపలేదనియు విదేశాంగమంత్రి జైశంకర్ ఆ మూడుదినములలోనే తెలిపెను. అనగా చేతికందుబాటులో తుపాకి యుండియు దానిని పేల్చని వీరుల కథ అది. తుపాకి పేల్చుట ఒక వ్రేలు చేయు పని. పేల్చకుండ నిలుచుటకు మనస్సంతయు పనిచేయవలెను.

ఆ రాత్రి ఆ దళమునకు నాయకుడై నిలిచినవాడు కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు. ఆయన స్వస్థలము సూర్యాపేట. విజయనగరము జిల్లాలోని కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, సైన్యమున చేరి, 16వ బిహార్ రెజిమెంటునకు కమాండింగ్ ఆఫీసరైనవాడు. గాయపడియు వెనుకంజ వేయక తన వారిని ముందుండి నడపి, ముప్పదియేడవ యేట ఆయన వీరమరణము నొందెను. ఆయన పార్థివదేహమును సూర్యాపేటకు తెచ్చినపుడు ఆ పట్టణము పట్టణమే కన్నీరు పెట్టెను. ఆయనకు మరణానంతరము మహావీరచక్రమును ఒసగుచున్నట్లు 2021 జనవరి 25వ తేదీన ప్రకటింపబడెను. ఆట విడుదలకు అది ముందునాడు. గణతంత్ర దినోత్సవమునాటి ఉదయమున తాత చేతిలోని పత్రికయందు ఆ వార్తయు, మనుమని చేతిలోని ఫోనునందు ఆ ఆటయు ఒక్కమారే ఆ యింట ప్రవేశించినవి. రెండింటను గాల్వనే కలదు. కాని మనుమడు ఒక్క దానిని మాత్రమే చూచెను.

కాబట్టి “తుపాకి లేదు” అను అభియోగము నిలువదు. తుపాకి లేకపోవుట ఆ ఆటయొక్క లోపము కాదు. సత్యమునకు అది చూపిన మర్యాద. అయినను బాలురను తప్పుపట్టుట న్యాయము కాదు. తుపాకి ఏల లేదో ఆట వారికి చెప్పియుండవలసినది. ఒడంబడిక అనగానేమో, సంయమము అనగానేమో, చేతిలోని ఆయుధమును వాడకుండుట ఎంతటి వీరమో వారికి తెలియునట్లు చూపియుండవలసినది. అట్లు చూపియుండినచో తుపాకి లేని ఆ ఆటయే తుపాకి ఆటలన్నిటికంటె గొప్పదై యుండెడిది. అది అట్లు చూపలేదు. పిడికిళ్లు మిగిలినవి, వాని వెనుకనున్న అర్థము మిగులలేదు.

ఇక రెండవ అభియోగము. ఆట విసుగు పుట్టించుచున్నదనియు, చెప్పిన గొప్పకును చేసిన పనికిని పొంతన లేదనియు ఆడినవారు అనిరి. ఇది నిలుచు అభియోగమే. సరూర్‌నగర్‌కు చేరువనున్న కొత్తపేటలో చాలకాలము గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు ఉండెను. వేసవిలో అక్కడ మామిడిపండ్లు కొనుటకు పోయిన పెద్దలకు ఒక సంగతి తెలియును. బుట్టపై నున్న పండ్లను చూచి బేరమాడు వాడు మోసపోవును. అడుగునుండి ఒక పండు తీసి వాసన చూచువాడు మోసపోడు. ఫౌజీ విషయమున బుట్టపై పేర్చిన పండ్లు మిక్కిలి మేలైనవి. పేరుగల నటుడు, వీరుల స్మృతి, గణతంత్ర దినోత్సవము, అమరుల నిధి, ఇన్నియు పైవరుసలో నుండెను. అడుగునుండవలసినది ఆట. దానిని పండించుటకు వలసినంత కాలము ఇచ్చినట్లు కనబడదు. పెద్ద ఆటలకు వందలకొలది మంది చిత్రకారులు, గణకులు, కథకులు ఏండ్ల తరబడి పనిచేయుదురు. కొలదిమాసముల కృషితో అట్టిదానికి సాటి రావలెనని కోరుట అత్యాశయే. కాని ఆ ఆశను కల్పించినవారు బాలురు కారు.

ఆ దినములలో ఈ ఆటను గూర్చి దేశమున రెండు పక్షములు బయలుదేరినవి. ఇది స్వదేశీ ఆట గనుక దీనిని నిందించుట దేశమును నిందించుటయే అని ఒక పక్షమువారు వాదించిరి. మన దేశమున తయారైనది ఇట్లుగాక మరెట్లుండునని రెండవ పక్షమువారు ఎగతాళి చేసిరి. ఈ రెండు పక్షములును ఒక్క తప్పే చేసినవి. రెండును ఆటను చూడలేదు. దానిపైనున్న చీటిని చూచినవి. మగ్గముపై నేసిన పంచె మొదటి ఉతుకునకే పోగులు విడినచో, అది మన ఊరి పంచె గనుక చిరుగలేదని చెప్పువాడు నేతగానికి మేలు చేయడు. మన ఊరి నేతయే అంత అని నవ్వువాడును మేలు చేయడు. ఎక్కడ పోగు తెగినదో చూపి, మరల నేయుమని చెప్పువాడే మేలు చేయువాడు. స్వదేశాభిమానము వస్తువునకు గుణము నీయజాలదు. గుణము గలిగిన వస్తువే స్వదేశమునకు గౌరవము తెచ్చును.

ఈ రెండింటికంటెను పెద్దదైన మూడవ అభియోగము కలదు. దానిని బాలురును చేయలేదు, పెద్దలును అంతగా చేయలేదు. ఆ ఆటలో గాయపడిన సైనికుడు నెగడు దగ్గర కొంతసేపు కూర్చుండును. కూర్చున్నచో పోయిన బలము తిరిగివచ్చును. పడిపోయినచో ఆడువాడు తెరను తాకి మరల మొదలుపెట్టును. నిజమైన గాల్వన్ ఎట్టిది? అది సముద్రమట్టమునకు సుమారు 14,000 అడుగుల ఎత్తుననున్న లోయ. వేసవి రాత్రియందు కూడ అక్కడ నీరు గడ్డకట్టునంత చలి. ఘర్షణ జరిగిన పిమ్మట భారత సైన్యము వెలువరించిన ప్రకటనలో, తీవ్రముగా గాయపడిన పదియేడుగురు సైనికులు ఆ ఎత్తైన ప్రదేశమున గడ్డకట్టు చలికి గురియై అసువులు బాసిరని కలదు. వారికి నెగడు దొరకలేదు. వారికి రెండవ ఆట లేదు. 2021 నవంబరు మాసమున రాష్ట్రపతి భవనమునందు సంతోష్ బాబు తల్లియు భార్యయు ఆయనకు మారుగా మహావీరచక్రమును స్వీకరించిరి. వారు నడచిన ఆ కొద్ది అడుగుల దూరమును ఏ ఆటయు చూపలేదు.

ఇందుకు ఒక ఆక్షేపణ చెప్పువారు కలరు. “ఆట ఆటయే కదా! చెడుగుడులో చచ్చినవాడు మరల బ్రతికి వచ్చుట లేదా? దానిని చూచి ఎవరైన మృత్యువును తేలికచేసిరని అందురా?” అని వారు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న మంచిదే. చెడుగుడులో గీటు దాటి పట్టుబడిన బాలుని “చచ్చెను” అందురు. అతని జట్టువాడు ఎదుటివానిని తాకి వచ్చినచో అతడు “బ్రతుకును”. ఆ చావు వట్టి మాట. ఆ బ్రతుకును వట్టి మాట. చెడుగుడు ఏ వీరుని పేరును అరువు తెచ్చుకొనలేదు. ఏ తల్లి కన్నీటిని తన ప్రకటనకు వాడుకొనలేదు. కేవలము ఆటయని చెప్పుకొనిన ఆటను ఆటగానే తూచవలెను. ఇది మీ వీరుల కథయని చెప్పుకొనిన ఆటను ఆ వీరుల కథతో తూచవలెను. పెద్ద పేరు పెట్టుకొనినవాడు ఆ పేరునకు తగిన బాధ్యతను కూడ మోయవలెను.

ఇట్టి పొరపాటు అంతకుముందును జరిగెను. 2002లో మన దేశమున భగత్‌సింగ్ పేరుతో కంప్యూటరు ఆట ఒకటి వెలువడెను. అది ఆడువాని కన్నే యోధుని కన్నుగా చేసిన తుపాకి ఆట. భగత్‌సింగై తుపాకి పట్టి, ఎదురుపడిన పోలీసులను కాల్చుచు ముందుకు సాగవలెను. చరిత్రలోని భగత్‌సింగ్ అట్టివాడు కాడు. 1929 ఏప్రిల్ 8వ తేదీన ఢిల్లీలోని శాసనసభయందు ఆయనయు, బటుకేశ్వర దత్తును బాంబులు విసరిరి. కాని చంపుటకు కాదు, చెవిటివారికి వినిపించుటకు. విసరిన పిమ్మట పారిపోవక అచ్చటనే నిలిచి పట్టుబడిరి. చెరసాలలో ఖైదీల హక్కులకై దీర్ఘకాలము నిరాహారముండిరి. భగత్‌సింగ్ గొప్పగా చదివినవాడు, వ్రాసినవాడు, ఆలోచించినవాడు. ఆయన జీవితమునుండి తుపాకిని మాత్రము ఏరుకొని తక్కినదంతయు పారవైచిన ఆటలో మిగిలినది ఆయన పేరు మాత్రమే. గాల్వన్ ఆటలో తుపాకి లేదు, భగత్‌సింగ్ ఆటలో తుపాకి తప్ప మరేమియు లేదు. రెండింటను వీరుడు మాత్రము కనబడడు.

అట్లయినచో ఫోనులోని ఆటకు ఇంత బరువైన కథను మోయు శక్తి లేదా? ఉన్నది. పోలండు దేశపు రాజధాని వార్సా నగరమున ఒక చిన్న సంస్థవారు 2014లో ‘దిస్ వార్ ఆఫ్ మైన్’ అను ఆటను వెలువరించిరి. 1992 మొదలు 1996 వరకు బోస్నియా దేశమునందు సరయేవో నగరమును శత్రువులు చుట్టుముట్టియుండిన కాలము దానికి ప్రేరణ. అందు ఆడువాడు సైనికుడు కాడు. ముట్టడిలో చిక్కిన సామాన్య పౌరులను కాపాడుటయే వాని పని. ఆకలికి అన్నము, గాయమునకు మందు, చలికి కట్టెలు వెదకవలెను. తమకొరకు ఇతరుల అన్నమును దొంగిలించినచో, ఆ దొంగిలించినవారు పిమ్మట కుమిలిపోవుదురు. చనిపోయినవారు మరల రారు. 2020లో పోలండు ప్రభుత్వము ఆ ఆటను పై తరగతుల విద్యార్థులు ఐచ్ఛికముగా చదువదగిన పుస్తకముల సరసన చేర్చుటకు నిశ్చయించెను. పెద్ద నటుడు లేడు. పండుగనాటి ప్రకటన లేదు. సత్యమును చెప్పవలెనను పట్టుదలయు, దానికి తగిన ఓర్పును మాత్రమే ఉండెను.

ఫౌజీ ఆటకు పిమ్మట ఏమి జరిగినది? ఆడినవారి కోరికను మన్నించి 2021 జూన్ మాసమున దానిలో తుపాకులతో రెండు జట్లు తలపడు పద్ధతిని చేర్చిరి. దానితో అది వేయి తుపాకి ఆటలలో మరియొకటి యయ్యెను. దానియందుండిన ఒక్క నిజమును మరుగుపడెను. ఆ జులై మాసముననే పబ్జీ మరియొక పేరు పెట్టుకొని దేశమునకు తిరిగివచ్చెను. బాలురు దానివైపు మరలిరి. 2025 సంవత్సరారంభమున ఫౌజీ పేరుతోనే మరియొక సంస్థ చేసిన సరికొత్త తుపాకి ఆటయు వచ్చెను. అదే 2021 జూన్ 15వ తేదీన, గాల్వన్ ఘర్షణకు సరిగా ఏడాది నిండిన దినమున, సూర్యాపేటయందు సంతోష్ బాబు కంచువిగ్రహమును ఆవిష్కరించిరి.

మరియొక సంగతి కూడ ఈ సందర్భమున చెప్పదగియున్నది. సరూర్‌నగర్ బాలురు ఆ ఆటకై దినములు లెక్కించుచుండిన కాలముననే, 2020 అక్టోబరు 13వ తేదీన, హైదరాబాదున కుండపోతగా వర్షము కురిసెను. సరూర్‌నగర్ చెరువు నిండి పొంగి, సమీపపు కాలనీలలోనికి నీరు చొచ్చెను. నగరపు ముంపు ప్రదేశములలో సహాయకదళములవారు పడవలపై జనులను తరలించిరి. క్రింది ఇంటివారిని మేడమీది ఇంటివారు పిలిచి చోటిచ్చిరి. ముసలివారిని పడుచువారు భుజములపై మోసిరి. భయమెరుగక ఏకమై నిలిచిన కావలివారు ఎట్లుందురో చూడవలెనని కోరిన బాలునకు కిటికీ తెరచిన చాలును, వారు కనబడియుందురు. వారియొద్దను తుపాకి లేదు.

ఆటలు ఆడరాదని చెప్పుట ఈ వ్యాసమునకు ఉద్దేశము కాదు. పాఠము ముగిసినచో బాలుడు ఆడవలెను. నిరాశ కలిగినచో ఆ నిరాశను దాచుకొననక్కరలేదు. కాని ఆ నిరాశకు కారణమును సరిగా విచారింపవలెను. “దీనిలో నాకు కావలసినది ఏది లేదు?” అని అడుగుటతో ఆగక, “దీనిలో ఉండవలసినది ఏది లేదు?” అని కూడ అడుగవలెను. మొదటి ప్రశ్న కొనువాడు అడుగునది. రెండవది ఆలోచించువాడు అడుగునది. ఈనాడు ఆ రెండవ ప్రశ్నను అడుగ నేర్చిన బాలబాలికలలో కొందరు రేపు తామే ఆటలు చేయువారగుదురు. దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటరు విద్య నేర్పు చోట్లకు కొదువ లేదు. అక్కడ నేర్చిన విద్యతో ఒకనాడు ఎవరైన గాల్వన్ కథను మరల చెప్పబూనవచ్చును. అప్పుడు వారు చలిని చలిగా, చావును చావుగా చూపవలెను. పేల్చని తుపాకి బరువు ఆడువాని చేతికి తెలియునట్లు చేయవలెను. దానికి మూడేండ్లు పట్టినచో మూడేండ్లు, పదేండ్లు పట్టినచో పదేండ్లు ఓపిక పట్టవలెను.

ఎల్.బి.నగర్ కూడలియందు నిలుచున్నచో సూర్యాపేట బస్సులు దినమంతయు వచ్చుచు పోవుచు నుండును. సెలవులలో తాతతో కూడ ఆ బస్సెక్కిన మనుమడు ఒకనాడు ఆ విగ్రహము ముందు నిలుచును. ఆనాడు తాత చెప్పిన మాట అతనికి మరల జ్ఞప్తికి వచ్చును. విగ్రహమునందలి వీరునకు తుపాకి ఏల అక్కరలేకపోయినదో అతనికి అప్పుడు ఎవరును చెప్పనక్కరలేదు.